సీసీని చూసి పన్ను వేస్తే ఎలా?

తిరుపతిలో కారు కొనాలనుకునే కుటుంబం షోరూంలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఐదుగురం కూర్చుని సామాను పెట్టుకుంటే కొండెక్కుతుందా? ఒకప్పుడు దీనికి జవాబు డీజిల్ బండే. 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యంపై బీఎస్-6 నిబంధనలు వచ్చాక చిన్న డీజిల్ కార్లు చాలావరకు మాయమయ్యాయి. ఆ చోటులోకి చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లు, అంటే లోపలికి అదనంగా గాలిని కుక్కి శక్తి పెంచే ఇంజిన్లు వచ్చాయి. 2019లో వచ్చిన హ్యుందయ్ వెన్యూనే తీసుకోండి. ఇంజిన్ సైజు 998 సీసీ, అంటే దాదాపు ఒక లీటరు. శక్తి 120 పీఎస్ (ఇంచుమించు అన్ని హార్స్‌పవర్లు). అదే కంపెనీ 1.6 లీటర్ల మామూలు (టర్బో లేని) పెట్రోల్ ఇంజిన్ ఇచ్చే శక్తి కూడా ఇంచుమించు అంతే.

ఇంజిన్‌ను ఇంత చిన్నది చేయడం వెనక ఇంజనీరింగ్ ఎంత ఉందో పన్ను లెక్క కూడా అంతే ఉంది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉంటేనే చిన్న కారు. 2025 సెప్టెంబరు 22 నుంచి దానికి జీఎస్టీ 18 శాతం. ఆ హద్దు దాటితే 40 శాతం. ఈ హద్దు పుట్టింది 2006 బడ్జెట్‌లో. అప్పటికి మన పెట్రోల్ కార్లలో టర్బో దాదాపు లేదు కాబట్టి సీసీని చూసి కారు స్థాయిని అంచనా కట్టడం అర్థం చేసుకోదగ్గదే. ఇప్పుడు ఆ కొలత పనికిరాదు.

ఈ పాఠం రేసింగ్ ప్రపంచం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడి వాయువులతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రంతో ఇంజిన్‌లోకి గాలిని కుక్కాలన్న ఆలోచనకు, అంటే టర్బోకు, స్విస్ ఇంజనీర్ ఆల్‌ఫ్రెడ్ బూకీ 1905లోనే పేటెంట్ తీసుకున్నారు. 1966లో ఫార్ములా వన్ కొత్త నిబంధన పెట్టింది: మామూలు ఇంజిన్ అయితే 3 లీటర్లు, గాలిని కుక్కే ఇంజిన్ అయితే 1.5 లీటర్లు. సగం సైజుతో ఎవరు గెలుస్తారులే అనుకున్నారు. పదేళ్లకు పైగా ఎవరూ అటు చూడలేదు కూడా. 1977లో ఫ్రెంచ్ కంపెనీ రెనో టర్బో కారుతో సిల్వర్‌స్టోన్‌లో దిగింది. మాటిమాటికీ పొగలు కక్కుతూ ఆగిపోయే ఆ పసుపు కారును ఇంగ్లిష్ టీమ్‌లు పసుపు టీపాట్ అని వెక్కిరించాయి. రెండేళ్లకే, 1979లో, డిజాన్‌లో అదే రెనోకు జాన్-పియర్ జబూయీ గెలుపు తెచ్చిపెట్టారు. 1983లో నెల్సన్ పికే బీఎండబ్ల్యూ టర్బోతో ప్రపంచ చాంపియన్ అయ్యారు. 1986 నాటికి క్వాలిఫైయింగ్‌లో (రేసుకు ముందు స్థానాలు తేల్చే పరుగులో) 1.5 లీటర్ల ఇంజిన్లు వెయ్యి హార్స్‌పవర్ దాటేశాయి.

అధికారులు దిద్దుబాటుకు దిగారు. బూస్ట్‌ను, అంటే గాలిని కుక్కే ఒత్తిడిని, 1987లో 4 బార్‌కు, 1988లో 2.5 బార్‌కు తగ్గించారు. అయినా 1988లో మెక్‌లారెన్-హోండా 16 రేసుల్లో 15 గెలిచింది. 1989లో టర్బోనే నిషేధించారు. 2014లో టర్బో తిరిగొచ్చినప్పుడు మాత్రం అసలైన కొలత దొరికింది. ఇంజిన్ సైజు 1.6 లీటర్లని చెబుతూనే, గంటకు 100 కిలోల ఇంధనానికి మించి పారకూడదని గీత గీశారు. శక్తి వచ్చేది ఇంధనం నుంచే గనుక, గాలిని ఎంత తెలివిగా కుక్కినా ఆ గీతను దాటడం కుదరదు.

రోడ్డు కార్ల కథ వేరు. 1962 నాటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో ఇంజిన్ నాకింగ్ (ఇంధనం వేళకు ముందే మండి టకటకమనడం) ఆపడానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవం వేరే ట్యాంకులో పోసుకోవాలి. చాలామంది పోయడం మరిచిపోయారు, బండి నిలబడలేదు. 1970ల చివర్లో స్వీడన్ కంపెనీ సాబ్ తన 99 టర్బో కారుతో దారి మార్చింది. గరిష్ఠ శక్తి కోసం పాకులాడకుండా, తక్కువ ఆర్‌పీఎంలోనే (ఇంజిన్ నిమిషానికి తక్కువ చుట్లు తిరిగేటప్పుడే) బూస్ట్ అందేలా చిన్న టర్బో పెట్టి, ఎక్కువైన ఒత్తిడిని వేస్ట్‌గేట్ అనే కవాటంతో వదిలేసింది. ఈరోజు మన ఘాట్ రోడ్డులో ముందున్న బస్సు వెనక నెమ్మదిగా వెళ్తూ, వంపు దాటగానే ఎక్స్‌లేటర్ తొక్కితే థర్డ్ గేర్‌లోనే బండి లాగుతోందంటే అది సాబ్ వేసిన బాటే. వెన్యూ ఇంజిన్ పూర్తి టార్క్ (చక్రాలను తిప్పే బలం) 1500 ఆర్‌పీఎం నుంచే అందుతుంది.

అయితే దిగేటప్పుడు సంగతి చూడాలి. సెకండ్ గేర్‌లో ఎక్స్‌లేటర్ వదిలేస్తే పెట్రోల్ బండిని పట్టి ఉంచేది ఇంజిన్ లోపలి పీడనం తేడా. అది సిలిండర్ సైజును బట్టి ఉంటుంది. ఎక్స్‌లేటర్ వదిలాక టర్బోకు చేయడానికి పనేమీ ఉండదు. అంటే ఎక్కేటప్పుడు 1.6 లీటర్ల బలం చూపిన బండి, దిగేటప్పుడు ఒక లీటరు ఇంజిన్‌గానే మిగులుతుంది. బ్రేకుల మీద భారం పెరుగుతుంది. పైకి చేరగానే ఇంజిన్ టక్కున ఆపేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచమని మెకానిక్‌లు చెప్పేదీ ఊరికే కాదు. టక్కున ఆపేస్తే, లక్ష ఆర్‌పీఎం దాటి తిరిగే టర్బో ఇరుసు దగ్గర నిలిచిపోయిన ఆయిల్ ఆ వేడికి మాడిపోతుంది.

గట్టిగా తొక్కితే చిన్న టర్బో కూడా పెద్ద ఇంజిన్‌లాగే పెట్రోల్ తాగుతుంది. పన్ను చీటీలో మాత్రం అది చిన్న కారే. ప్రతి మోడల్‌కూ సర్టిఫై చేసిన మైలేజీ ఇప్పటికే ఉంది. కంపెనీల సగటు కార్బన్ ఉద్గారాలను 2017 నుంచి ప్రభుత్వం లెక్కిస్తూనే ఉంది. కొనేవాడి పన్నును కూడా ఆ అంకెలకే ముడిపెట్టాలి. అప్పుడు తక్కువ ఇంధనంతో నడిచే 1.5 లీటర్ల మామూలు ఇంజిన్ కేవలం సీసీ వల్ల 40 శాతం శ్లాబులో పడదు. ఎవరి ప్రయాణానికి ఏ ఇంజిన్ సరిపోతుందో కంపెనీలు నిజాయితీగా తేల్చుకుంటాయి.