తీగ వచ్చింది, కరెంటేదీ?

(విజయనగరం కోట దగ్గర చిన్న సభ. అన్ని జాతుల వాళ్లూ తొలిసారి ఓటేసిన 1994 ఎన్నికల తర్వాత దక్షిణాఫ్రికా ముందుకెళ్లిందా అన్నది చర్చ. 1860 నుంచి 1911 దాకా నెటాల్ చెరకు తోటలకు కూలికెళ్లిన వాళ్లలో ఈ జిల్లాల వాళ్లూ ఉన్నారు కాబట్టి మనకు మరీ పరాయి సంగతి కాదు. ఒకవైపు అర్థశాస్త్రం చెప్పి రిటైరైన మేష్టారు, మరోవైపు ఆయన వీధిలోనే పెరిగిన కరెంటు ఇంజినీరు.)

మేష్టారు: లెక్క చూడు తల్లీ. 1996లో దీపాలకు కరెంటు వాడే ఇళ్లు నూటికి 58. 2022 జనాభా లెక్కల్లో 94 దాటాయి. 2003 నుంచి పేదింటికి నెలకు 50 యూనిట్లు ఉచితం. ఇది ఓటు చేసిన పని కాదా?

ఇంజినీరు: స్తంభాలు పాతారు, కాదనను. ఆ కరెంటు ఎక్కడిది మేష్టారూ? 1980ల్లో అవసరానికి మించి కట్టిన బొగ్గు కేంద్రాలది. 2007కల్లా కొరత వస్తుందని 1998లో ప్రభుత్వ శ్వేతపత్రమే చెప్పింది. అయినా కొత్తవి కట్టకుండా ప్రభుత్వ సంస్థ ఎస్కమ్‌ను ఆపి, ప్రైవేటు వాళ్లొస్తారని కూర్చున్నారు. యూనిట్ ధర అంత తక్కువైతే ఎవరొస్తారు? శివారు దాకా కాలువ తవ్వి, తూము దగ్గర నీళ్లున్నాయో లేదో చూడనట్టే. 2008 జనవరిలో బంగారు గనులే ఆగిపోయాయి.

మేష్టారు: మెడూపీ, కుసీలే అని రెండు కొత్త బొగ్గు కేంద్రాలు కట్టారుగా?

ఇంజినీరు: ఒక్కోటి సుమారు 4,800 మెగావాట్లు, ఆరేసి ఉత్పత్తి యూనిట్లు. బాయిలర్ల డిజైన్‌లో లోపాలు, వెల్డింగులు మళ్లీ చేయాల్సొచ్చింది, ఏళ్లకేళ్లు ఆలస్యం. ఈలోగా పాత కేంద్రాలకు మరమ్మతు వాయిదా వేస్తూ తోలారు. మిగిలింది కోతే. అక్కడ కోతకు దశలుంటాయి, దశకు 1,000 మెగావాట్లు. ఆరో దశంటే 6,000 మెగావాట్ల లోడు తీసేయాలి. తీయకపోతే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారి గ్రిడ్ మొత్తం కూలుతుంది.

పేదల పేటల్లో బాధ వేరు. ప్రీపెయిడ్ మీటరు మీద 20 అంకెల టోకెన్ నొక్కితేనే యూనిట్లు ఎక్కుతాయి. డబ్బు లేనివాడు తీగకి కొక్కెం తగిలిస్తాడు. వాళ్లని ‘ఇజిన్యోకా’, అంటే పాములు అంటారు. చలి సాయంత్రం అందరూ ఒకేసారి హీటరు, పొయ్యి వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఆ కొక్కెం వెనక ఉన్నది పని లేకపోవడం. పనికి సిద్ధంగా ఉన్నవాళ్లలో నూటికి 30 మందికి పైగా ఖాళీ.

మేష్టారు: పని దగ్గర నీతో గొడవ పడను. ఆదాయాల తేడాలో ప్రపంచంలో ముందున్న దేశమది, ఆ మచ్చ మాయలేదు. కానీ ప్రాణం నిలబడటం కూడా ప్రగతే తల్లీ. హెచ్‌ఐవీ మందులివ్వడానికి అప్పటి అధ్యక్షుడు ఎంబెకీ ప్రభుత్వం వెనకాడితే ఉద్యమకారులు కోర్టుకెళ్లారు. బిడ్డకు సోకకుండా తల్లులకు నెవిరపిన్ ఇమ్మని 2002లో రాజ్యాంగ న్యాయస్థానం ప్రభుత్వాన్నే ఆదేశించింది. 1996 రాజ్యాంగం 27వ సెక్షన్లో వైద్యాన్ని హక్కుగా రాయకపోతే ఆ పిల్లలకు దిక్కెవరు?

ఇంజినీరు: దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ కోర్టు మందు ఇప్పించగలదు, మెగావాటు పుట్టించలేదు.

మేష్టారు: జనం ఒత్తిడి దాన్నీ పుట్టిస్తుంది. 2021లో సొంతంగా కరెంటు తయారుచేసుకునే కేంద్రాలకు లైసెన్సు అక్కర్లేని పరిమితిని 1 మెగావాటు నుంచి 100కు పెంచారు, తర్వాత ఎత్తేశారు. కప్పుల మీద సోలార్ పలకలు లేచాయి. 2024 మార్చి చివర్నుంచి నెలల తరబడి కోతే లేదు. అయినా మే నెలలో ఓటర్లు ఊరుకోలేదు, 1994 నుంచి పాలిస్తున్న ఏఎన్‌సీ పార్టీకి 30 ఏళ్లలో తొలిసారి మెజారిటీ పోయింది.

ఇంజినీరు: పలకలు పెట్టుకున్నది డబ్బున్నవాళ్లు మేష్టారూ. వాళ్ల బిల్లు తగ్గినా తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చు తగ్గదు. అది 20 అంకెలు నొక్కే ఇంటి మీద పడకుండా ఎలా ఆపుతారో చెప్పండి.