పంట కోతకు పద్నాలుగు ట్యాంకులు

ఎక్కడ సరిహద్దు కయ్యం రేగినా ‘ఐక్యరాజ్యసమితి శాంతి దళాన్ని దింపేస్తే పోలా’ అని టీవీల్లో సెలవిచ్చే మేధావులకు కొదవ లేదు. వారి సౌకర్యార్థం ఆ దింపుడు పద్ధతిని, 2000 నుంచి 2008 దాకా ఇథియోపియా, ఎరిట్రియాల మధ్య అమలైన తీరులోనే ఇక్కడ పొందుపరుస్తున్నాం.

ముందుగా యుద్ధం కావాలి. 1998 మేలో బద్మే అనే ఊరి దగ్గర మొదలైంది, రెండేళ్లలో పదుల వేల మందిని మింగింది. ఆ తర్వాత రెండు సైన్యాలను ఎడంగా ఉంచేందుకు 25 కిలోమీటర్ల వెడల్పున భద్రతా మండలం గీయాలి. అదంతా ఒక్క ఎరిట్రియా భూమిలోనే ఉండాలి, లేకపోతే మజా రాదు. అందులో 4,200 మందికి మించకుండా సైనికుల్ని దించాలి. మన భారత బెటాలియన్‌తో పాటు జోర్డాన్, కెన్యా వాళ్లూ వెళ్లారు. వీళ్ల పని చూడటం, రాయడం, పైకి పంపడం. ఆపడం వీళ్ల పని కాదు.

దళం కదలాలంటే హెలికాప్టర్ ఉండాలి. 2005 అక్టోబరులో ఎరిట్రియా దాన్ని ఎగరొద్దంది. మందుపాతర ఏరేవాడి కాలి కింద అది పేలితే, వాణ్ని గంటలో ఆపరేషన్ బల్ల మీదికి చేర్చాలి. హెలికాప్టర్ లేదు కాబట్టి ఏరివేత బంద్. ఏరివేత లేని చోట సరిహద్దు రాళ్లు పాతేవాడు అడుగు పెట్టలేడు. 40 కాపలా స్థావరాల్లో 18 ఖాళీ అయ్యాయి. ఈ ఆంక్షలు ఎత్తేయమని భద్రతా మండలి నవంబరులో గట్టిగా తీర్మానించింది. డిసెంబరులో ఎరిట్రియా, దళంలోని అమెరికా, కెనడా, యూరప్, రష్యా సిబ్బందిని పది రోజుల్లో దేశం వదిలి పొమ్మంది. తీర్మానం ఎంత పదునుగా దిగిందో చూశారుగా!

ఇక 2006 అక్టోబరు. ఎరిట్రియా ఆ మండలంలోకి దాదాపు 1,500 మంది సైనికుల్ని, 14 ట్యాంకుల్ని తోలింది. ఇదేమిటయ్యా అంటే, పంట కోతలకు వచ్చారంది. ఎంత ముచ్చటైన వ్యవసాయం! కూలీల కొరత ఉంటే హార్వెస్టర్ అద్దెకు తెచ్చుకుంటాం గానీ, శతఘ్ని ఉన్న హార్వెస్టర్ సంగతి మనకిన్నాళ్లూ తట్టనే లేదు. గొలుసు చక్రాలు కాబట్టి బురదలో దిగబడదు. పిట్టలు చేను మీద వాలవు. గట్టు తగాదా వస్తే సర్వేయర్‌తో పని లేదు. కుప్ప నూర్చే వేళ పక్క రైతు పాలు అడగడానికి కూడా రాడు. ఎకరాకు ఎన్ని లీటర్ల డీజిల్ తాగిందో, గుండుకు ఎన్ని బస్తాలు దిగుబడి వచ్చిందో లెక్క మాత్రం బయటికి రాలేదు. ఇంత సేద్యం కళ్లారా చూశాక భద్రతా మండలి 2007 జనవరిలో దళాన్ని 1,700కు కుదించింది. కోత పూర్తయిందనుకుని ఉంటుంది.

డీజిల్ అంటే గుర్తొచ్చింది. కాపలా కాసేవాడి బండికి ఇంధనం ఎవరివ్వాలి? కాపలా వద్దనేవాడే ఇవ్వాలి. 2007 డిసెంబరులో ఎరిట్రియా ఆపేసింది. గస్తీ, జనరేటర్, నీళ్ల మోటార్, రేడియో అన్నీ ఆ పీపా మీద బతికేవే. 2008 ఫిబ్రవరిలో దళం బండ్లతో సరిహద్దు దాటబోతే దారి కూడా ఇవ్వలేదు. ఆ జులై 31తో దళం గడువు ముగిస్తూ, సిబ్బందిని మెచ్చుకుంటూ భద్రతా మండలిలో మరో తీర్మానం చేశారు.

ఎరిట్రియాను తిట్టడం తేలిక. కానీ దాన్ని ఇంత దూరం తోసిందెవరు? గీత ఎక్కడో తేల్చే సరిహద్దు కమిషన్ తీర్పు అంతిమం, కట్టుబడి తీరాలి అని 2000 డిసెంబరులో అల్జీర్స్‌లో ఇద్దరూ సంతకాలు పెట్టారు. అమెరికా, యూరోపియన్ యూనియన్ సాక్షులుగా నిలబడ్డాయి. 2002 ఏప్రిల్ 13న తీర్పు వస్తే ఇథియోపియా మొదట గెలిచామని చంకలు గుద్దుకుంది. బద్మే ఎరిట్రియాకే పోయిందని తేలాక కుదరదు పొమ్మంది. సాక్షులు ఆకాశంలోకి చూశారు. సోమాలియా మీదికి పోవడానికి ఇథియోపియా సైన్యం పనికొస్తుంది మరి, దాన్ని నొప్పించడం ఎలా! కమిషన్ చివరికి 2007 నవంబరులో అక్షాంశ రేఖాంశాలతో కాగితం మీదే రాళ్లు పాతేసి దుకాణం కట్టేసింది.

సిగ్గుండాలి. గీత తేలలేదనే సాకుతో, చట్టంలో 18 నెలలని ఉన్న నిర్బంధ సైనిక సేవను ఎరిట్రియా పాలకులు ఏళ్ల తరబడి సాగదీశారు. ఆ సాకును పళ్లెంలో పెట్టి అందించింది సంతకం తప్పిన ఇథియోపియా, సాక్ష్యం మింగిన పెద్ద దేశాలు. 2018లో ఇథియోపియా తీర్పును ఒప్పుకుంది, 2019లో ఆ ప్రధానికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. బారక్‌లలో యవ్వనం కరిగిపోయిన ఆ కుర్రాళ్లకు మాత్రం సెలవు చీటీ కూడా రాలేదు.