నాలుగు గళ్ల కాగితం

ఇది ఊహించి రాసిన వాదోపవాదం. నెల్లూరులో కోర్టు పని ముగిసిన ఒక సాయంత్రం, ఒక సీనియర్ న్యాయవాది ఆఫీసు గదిలో జరుగుతుంది. బల్ల మీది ఫైలు అల్లూరు వైపు రెండెకరాల భూమిది. తండ్రి పేరు గ్రామ సాగు రికార్డైన అడంగల్‌లో ఉన్న ఆ భూమిని ఒక రైతు సాగు చేసుకుంటూ ఉండగా, పక్క రొయ్యల చెరువు యజమాని గట్టు తెగ్గొట్టి, ఆ భూమిని ఇతని పెదనాన్న దగ్గర రిజిస్టర్డ్ దస్తావేజుతో కొన్నానంటున్నాడు. రైతు కోరేది ఇంజంక్షన్ ఒక్కటే, అంటే అవతలివాడు తన స్వాధీనం జోలికి రాకుండా ఆపే కోర్టు ఉత్తర్వు. ప్లెయింట్ (దావా పత్రం) రాయడానికి ముందు జూనియర్ ఒక కాగితాన్ని నాలుగు గళ్లుగా విడదీసి నింపింది: వివాదాంశం, వర్తించే చట్టం, వాస్తవాలకు దాని అన్వయం, తేలిన ఫలితం. సీనియర్‌కు అది నచ్చలేదు. నేను ఎటు మొగ్గానో చదివేవారికి ఎలాగూ తెలిసిపోతుంది కాబట్టి దాచే ప్రయత్నం చేయలేదు.

సీనియర్: ఇది పరీక్షలో రాసే జవాబులా ఉందమ్మా. అమెరికా లా కాలేజీల్లో ఐరాక్ అని నేర్పే పద్ధతి ఇదేగా. నేను ముప్పై అయిదేళ్లుగా దావాలు నడుపుతున్నాను. కక్షిదారు చెప్పింది వింటాను, అవతలివాడు ఏమంటాడో ఊహిస్తాను, మొదటి సాక్షి నోట ఏ మాట రావాలో నిర్ణయించుకుంటాను. గళ్లు గీసుకోవలసిన అవసరం ఏనాడూ రాలేదు.

జూనియర్: పేరు వాళ్లది కావచ్చు గాని, సార్, పని మనకు కొత్తది కాదు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారానికి నాలుగు పాదాలు చెప్పింది: వాది చేసే ఆరోపణ భాష, ప్రతివాది ఇచ్చేది ఉత్తరం, రుజువు క్రియ, చివరిది సాధ్యసిద్ధి, అంటే కోరింది తేలడం. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను 13వ శతాబ్దంలోనే తెలుగులోకి తెచ్చిన కేతన, మన నెల్లూరి తిక్కనకు తన కావ్యాన్ని అంకితమిచ్చిన కవి. ఒక పాదం లోపిస్తే వ్యవహారం కుంటుతుందని ఈ గడ్డ మీద ఏడు వందల ఏళ్ల కిందటే తెలుసు.

సీనియర్: తిక్కనగారి పేరు చెప్పి నా నోరు మూయించలేవు. ఆ నాలుగు పాదాలు న్యాయస్థానంలో వ్యవహారం నడిచే వరుసను చెబుతాయి గాని, కక్షిదారును ఎలా వినాలో చెప్పవు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 14వ ఆర్డరు ప్రకారం ఇష్యూలు, అంటే కోర్టు తేల్చవలసిన వివాదాంశాలు, ఖరారు చేసేది జడ్జి, అది కూడా అవతలి పక్షం జవాబుదావా వేసిన తరువాత. దావా పడకముందే వివాదాంశం ఇదని నువ్వు రాసిపెట్టుకుంటే, ఆ తరువాత కక్షిదారు ఏం చెప్పినా ఆ గడిలో పట్టేదే నీ చెవికెక్కుతుంది.

జూనియర్: ఒక పక్షం ఔనన్నదాన్ని మరో పక్షం కాదంటేనే ఇష్యూ పుడుతుంది. మనం ఔననకుండా వదిలేసిన సంగతి మీద ఇష్యూ రాదు, ఇష్యూ లేనిచోట సాక్ష్యం ఎంత ఉన్నా కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. అనాతుల సుధాకర్ కేసు మీకు నాకన్నా బాగా తెలుసు. వరంగల్‌లోని ఖాళీ స్థలం మీద ఉత్త ఇంజంక్షన్ దావా అది. వాదులకు అమ్మిన ఆవిడకు ఆ స్థలం ఆమె సోదరుడు నోటిమాటగా ఇచ్చిన దానం వల్ల వచ్చిందన్నారు. ఆ దానం సంగతి ప్లెయింటులో లేదు, ప్రతివాది అదే సోదరుడి దగ్గర కొన్నాడు. కింది కోర్టులో గెలిచి, అప్పీలులో ఓడి, హైకోర్టులో మళ్లీ గెలిచిన వాదులు 2008లో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. హక్కు మీద మబ్బు కమ్మినప్పుడు, స్వాధీనం మనదే అయినా, హక్కు ప్రకటన కూడా కోరాలని ఆ తీర్పు. మన ఫైలులో పెదనాన్న దస్తావేజు ఆ మబ్బే కదా? రెండో గడి, మూడో గడి పక్కపక్కన పెట్టి చూసినప్పుడే నాకది కనబడింది.

సీనియర్: అదే తీర్పును నేను ఇంకోలా చదువుతాను. నోటి దానం సంగతి ఆ కుటుంబంలో ఎవరికీ తెలియనిది కాదు. ప్లెయింటు రాసేనాడు ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఇంజంక్షన్‌కు స్వాధీనం చాలునన్న చట్రంలో ఆ ప్రశ్నకు చోటు లేదు. చట్రం చేసే అన్యాయం అదే. మరో సంగతి. 2002 సవరణ తరువాత సాక్షి ముఖ్య విచారణ, అంటే అతన్ని పిలిచిన పక్షం చెప్పించే సాక్ష్యం, అఫిడవిట్ రూపంలోనే జరుగుతోంది. ప్లెయింటు పేరాలనే అందులోకి ఎత్తి రాస్తున్నాం. ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి అడ్డుప్రశ్నల్లో తన అఫిడవిట్‌లోని మాటకు అర్థం చెప్పలేక, వకీలుగారు రాశారండీ అంటాడు. జడ్జి అప్పుడు కలం ఎత్తి అతని ముఖం వైపు చూస్తాడు. ఆ చూపుకు నీ కాగితంలో గడి ఉందా?

(ఈ చోట సీనియర్ మాట నాకూ గట్టిగానే తగిలింది. కోర్టు వరండాలో ఒక్క పూట నిలబడితే ఇలాంటి సాక్షి కనీసం ఒకరైనా కనబడతారు.)

జూనియర్: అది ఎత్తిరాత వల్ల వచ్చిన జబ్బు, సార్, క్రమమైన తర్కం వల్ల వచ్చింది కాదు. ప్రతి వాక్యం పక్కన ఇది ఈ సాక్షికి ఎలా తెలుసు అని రాసుకుంటే, ఆ పేరాల్లో సగం అఫిడవిట్ నుంచి వాటంతట అవే రాలిపోతాయి. మన రైతు సంగతే చూడండి. రుజువు భారం ఎవరిదన్నది భారతీయ సాక్ష్య అధినియం 104వ సెక్షన్ చెబుతుంది. హక్కు మాదని మనం అంటే రుజువు చేయవలసిందీ మనమే. అడంగల్ హక్కును ఇవ్వదు. తండ్రికి ఈ రెండెకరాలు ఎలా వచ్చాయన్న చోట నా మూడో గడి ఖాళీగా ఉంది. ఖాళీని ఖాళీగా చూపించడమే ఈ కాగితానికి నేను ఇచ్చే విలువ. మీ పద్ధతిలో కథ బిగువుగా ఉంటే ఆ ఖాళీ మీద కూడా సాఫీగా నడిచిపోతాం.

సీనియర్: ఖాళీ ఉందని తెలిశాక అతన్ని ఏమడిగావు?

జూనియర్: పారీఖత్తు, అదే పంపకాల పత్రం, ఉందా అని అడిగాను. లేదన్నాడు.

సీనియర్: లేదంటే అక్కడితో ఆపావు. నువ్వు లోపల టైపు చేస్తుండగా అతను బయట అరుగు మీద టీ తాగుతూ నాతో చెప్పిన మాట విను. తాత పోయిన ఏడాది పెద్దమనుషులు కూర్చుని అన్నదమ్ములిద్దరికీ నోటిమాటగా పంచారట. గట్టు మీద సరిహద్దు రాయి పాతింది ఆ పెదనాన్నేనట. ఆ రాయిని ఇప్పుడు రొయ్యల చెరువతను పెకలించేశాడన్నదే అతని అసలు బాధ. నీకు చెప్పలేదు, ఎందుకంటే నువ్వడిగింది కాగితం గురించి.

జూనియర్: నేను అడగలేదు, ఒప్పుకుంటాను. కాని ఆ రాయి మీకు అరుగు మీద దొరికిన మంచి కథగానే మిగిలిపోతే, అది కూడా వరంగల్ దానంలా ప్లెయింటుకు బయటే ఉండిపోతుంది. నోటి పంపకం ఏ ఏడాది జరిగింది, ఎవరి సమక్షంలో జరిగింది, పెదనాన్న వాటాకు ఏ భూమి పోయింది, ఇవన్నీ దావాలో విడివిడిగా రాయాలి. అమ్మకం నాటికి ఈ భూమి మీద పెదనాన్నకు హక్కు మిగల్లేదన్న మాట అప్పుడే నిలబడుతుంది. ఆ పెద్దమనుషుల్లో బతికున్నవాళ్లు ఎవరో కూడా తెలియాలి.

సీనియర్: ఇద్దరున్నారట. ఒకాయనకు చూపు తగ్గింది గాని, మాట స్పష్టంగా ఉందన్నాడు.

జూనియర్: ఆయన అఫిడవిట్ మీరే ఎదుట కూర్చుని విని రాయించండి, సార్. నేను ముందుగా ఒక్క పేరా కూడా తయారు చేయను.

సీనియర్: సరే. హక్కు ప్రకటన కోరితే ఆస్తి విలువను బట్టి కోర్టు ఫీజు పెరుగుతుంది. ఇంజంక్షన్ చాలని వచ్చిన మనిషికి ఆ సంగతి నువ్వే చెప్పు. రేపు పొద్దున్నే రమ్మన్నాను, ఆ కాగితం కూడా బల్ల మీదే ఉంచు.