కృష్ణ జింకకు కావాల్సింది గడ్డి నేల

కృష్ణ జింక మన రాష్ట్ర జంతువు. విభజన తర్వాత తెలంగాణ చుక్కల జింకను ఎంచుకుంటే, ఆంధ్రప్రదేశ్ 2018లో కృష్ణ జింకనే ఉంచుకుంది. విజయవాడలో ఏ స్కూలు పిల్లల్ని అడిగినా ఈ జవాబు చెబుతారు. కానీ ఇక్కడి నుంచి నది వెంట దిగువకు పోతే, దివిసీమ వైపు లంకల్లో ఇవి ఇప్పటికీ మేస్తున్నాయని తెలిసినవాళ్లు తక్కువే. ఏ అభయారణ్యం హద్దుల్లోనూ లేని ఈ చిన్న మందల గురించే నా దిగులంతా.

ఏ జంతువు అంతరించే ముప్పులో ఉందో చెప్పే అంతర్జాతీయ జాబితాలో కృష్ణ జింకకు ఇప్పుడు పెద్ద ముప్పు లేదనే ఉంది. అది మొత్తం జాతికి సంబంధించిన లెక్క. గుజరాత్‌లోని వేలావదర్‌లో మందలు బాగా పెరిగితే మన లంకల్లో ఉన్నవాటికి ఒరిగేదేమీ లేదు. మధ్యలో ఊళ్లు, రోడ్లు, చెరువులు అడ్డుపడి మందలు విడిపోయాక, ఒకచోట పోయిన జింకల స్థానంలోకి మరోచోటి నుంచి వచ్చే దారి లేదు.

ఈ జంతువు బతుకంతా చూపు మీద, పరుగు మీద ఆధారపడింది. దూరం నుంచే శత్రువును కనిపెట్టి, గంటకు 80 కిలోమీటర్ల దాకా వేగంతో పరిగెత్తగలదు. అందుకు చెట్లు లేని మైదానం కావాలి. మనమేమో అలాంటి నేలను బంజరు అని రాసుకుంటాం, ఖాళీగా కనిపిస్తే మొక్కలు నాటి పచ్చదనం పెంచామని సంతోషిస్తాం. కర్ణాటకలో కృష్ణ జింకల కోసమే పెట్టిన రాణిబెన్నూరు అభయారణ్యంలో నీలగిరి తోటలు వేశారు. వేలావదర్‌ది మరో బాధ. అక్కడ సర్కారు తుమ్మ గడ్డిని ఆక్రమిస్తోంది, పైగా ఆ కాయలు తిని గింజల్ని వ్యాపింపజేసేది జింకలే.

రోళ్లపాడు అనుభవం మనకు ఇంకా దగ్గరిది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో 1988లో బట్టమేక పిట్ట కోసం ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డి నేలను అభయారణ్యం చేశారు. రక్షణ దొరకడంతో కృష్ణ జింకలు పెరిగాయి. అంత చిన్న చోటు చాలక చుట్టుపక్కల చేలల్లో పడ్డాయి. పంట పోయిన రైతుకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. ఎవరి కోసం పెట్టారో ఆ పిట్ట మాత్రం కనుమరుగైపోయింది. రైతును పక్కన పెట్టి గీసిన హద్దు ఎవరినీ కాపాడలేదని నాకు అక్కడే గట్టిగా అనిపిస్తుంది.

కాబట్టి లంకల్లో కంచె వేసి బోర్డు పెట్టమని నేను అడగను. 1972 నాటి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఈ జింక ఉంది, వేటకు శిక్ష ఉంది, అది చాలు. ముందు అవి మేసే గడ్డి భూముల్ని గుర్తించి ఆవాసంగా రికార్డుల్లో రాయాలి. అక్కడ మొక్కలు నాటే కార్యక్రమాలు ఆపాలి. ఊరకుక్కలు జింక పిల్లల మీద పడకుండా పంచాయతీలు చూడాలి. పంట నష్టం డబ్బు మాత్రం ఆఫీసుల చుట్టూ తిప్పకుండా, కౌలు రైతుకు కూడా అదే సీజన్‌లో చేతికి అందాలి. డెల్టాలో చాలాచోట్ల చేను వేసేదీ, జింకల్ని ముందు చూసేదీ కౌలు రైతే.