సవరణ: క్రూయిజ్‌కు ఇంట్లో ఉన్న హెల్త్ పాలసీ చాలదు

చెన్నై నుంచి శ్రీలంక క్రూయిజ్‌కు వెళ్లే మన తిరుపతి పెద్దవాళ్ల కోసం మొన్న రాసిన పోస్టులో "హెల్త్ పాలసీ ఉంటే చాలు" అన్న వాక్యం ఉంది. దాన్ని తీసేశాను. దయచేసి ఆ మాట మీద ఎవరూ ఓడ ఎక్కకండి.

మన మామూలు హెల్త్ పాలసీలు చాలావరకు దేశంలో చేయించుకునే వైద్యానికే. ఓడలో డాక్టరు ఉంటారు, నిజమే. కానీ ఆ బిల్లు మన గది ఖాతాలో పడుతుంది. ముందు మనమే కట్టి, ప్రయాణం కోసం విడిగా తీసుకున్న ట్రావెల్ పాలసీ కింద రసీదులతో తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి.

అసలు భయపడాల్సింది తరలింపు ఖర్చుకు. నడిసముద్రంలో గుండెనొప్పి వస్తే దగ్గరి రేవులో దించాలి, ఒక్కోసారి హెలికాప్టర్ రప్పించాలి. అది లక్షల్లో మాట. అందుకే ట్రావెల్ పాలసీలో అత్యవసర వైద్య తరలింపు ఉందా, దాని పరిమితి ఎంత, క్రూయిజ్‌కు వర్తిస్తుందా అని కాగితం మీదే చూసుకోండి. దగ్గరి ఆస్పత్రికి చేర్చడం వేరు, ఇండియాకు తీసుకురావడం వేరు. రెండూ విడివిడిగా అడగండి. తరలింపుకు ముందు బీమావాళ్ల సహాయ నంబరుకు ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి, లేకపోతే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. ఆ నంబరు అమ్మకూ నాన్నకూ ఇద్దరికీ రాసివ్వండి.

బీపీ, షుగర్, పాత స్టెంటు ఏదీ దాచొద్దు. ప్రీమియం పెరుగుతుందని ఏజెంటు "అవన్నీ ఎందుకు సార్" అన్నా సరే, రాయించండి. క్లెయిమ్ అప్పుడు పాత చీటీలన్నీ అడుగుతారు.

పాలసీ మాత్రం బయల్దేరకముందే చేతిలో ఉండాలి.