స్థలం లేని పట్టాలు, విచారణ లేని ఉరిశిక్షలు

పరిపాలన నేర్చుకోవాలంటే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడిపే కెర్నల్ కాళ్ల దగ్గర కూర్చోవాలని నా నిశ్చితాభిప్రాయం. ముఖ్యంగా దాని మెమరీ పంపిణీ శాఖ దగ్గర.

ఏ ప్రోగ్రాం వచ్చి ఎంత అడిగినా కెర్నల్ నోట లేదన్న మాట దాదాపుగా రాదు. ఎనిమిది జీబీల ర్యామ్ ఉన్న యంత్రంలో ఐదుగురు వచ్చి తలా ఐదు జీబీలు అడిగితే ఐదుగురికీ పట్టాలు రాసిచ్చి, నవ్వుతూ సాగనంపుతుంది. పట్టా చేతికొస్తే స్థలం వచ్చినట్టు కాదని మనవాళ్లకు వేరే చెప్పాలా? లబ్ధిదారుడు మొదటి బైటు రాయబోయిన రోజున, అంటే శంకుస్థాపన ముహూర్తానికి, అప్పటికప్పుడు 4,096 బైట్ల ముక్క ఒకటి (దీన్నే పేజీ అంటారు) కొలిచి ఇస్తారు. తీసుకున్న పట్టాను చాలామంది బీరువాలో దాచుకుంటారే తప్ప ఇల్లు కట్టరన్నది ప్రభువుల ధీమా.

ఉన్నంతలోనే పంచే పద్ధతి కూడా లేకపోలేదు. ఉన్నదానికి మించి హామీలివ్వాలో వద్దో తేల్చే ఓవర్‌కమిట్ మీటను 2 మీద పెడితే, మామూలుగా స్వాప్ (డిస్కులో కేటాయించిన చోటు) మొత్తానికి ర్యామ్‌లో సగం కలిపి అంతవరకే హామీలు ఇస్తుంది. ఆ నిజాయితీకి కొన్ని పెద్ద ప్రోగ్రాములు అలిగి అసలు లేవవు. అందుకే మీట ఎక్కువగా 0 మీదే, అంటే పైన చెప్పిన ఉదార పద్ధతి మీదే ఉంటుంది.

ఇరుకు మొదలయ్యాక కొన్ని సామాన్లు అటక ఎక్కుతాయి. ఆ అటక పేరే స్వాప్. నిన్న ఎక్కించిన గంగాళమే ఇవాళ కావాలంటారు. నిచ్చెన వేసి దాన్ని దించాలి, దించిన చోటు కోసం పప్పు డబ్బా ఎక్కించాలి, మరుక్షణం పప్పు కావాలి. కాసేపటికి వంట ఆగిపోతుంది, ఇల్లంతా నిచ్చెన కిందే నిలబడి ఉంటుంది. తెర మీద మౌస్ బాణం కదలదు, డిస్కు దీపం మాత్రం ఆరకుండా వెలుగుతుంటుంది. దీనికి థ్రాషింగ్ అని గంభీరమైన పేరు పెట్టారు.

అప్పుడు రంగంలోకి దిగుతుంది ఓఓఎం (అవుట్ ఆఫ్ మెమరీ) కిల్లర్, మెమరీ నిండుకున్నప్పుడు ఏదో ఒక ప్రోగ్రాంను చంపే తలారి. దీని న్యాయశాస్త్రం బహు సరళం: తప్పు చేసినవాణ్ని కాదు, లావుగా ఉన్నవాణ్ని చంపు. ఒకప్పుడు ఎంతకాలంగా పనిచేస్తున్నాడు, హోదా ఏమిటి అని ఎన్నో లెక్కలు చూసేవారు. 2010లో వాటిలో చాలావరకు కొట్టేసి, ప్రధానంగా తూకమే ప్రమాణం చేశారు. రూట్ (సర్వాధికారి) హోదా ఉన్నవారికి మూడు శాతం రాయితీ మిగిలింది, 2018లో అదీ పోయింది. అయితే సిఫారసు ఉత్తరాలు ఇప్పటికీ చెల్లుతాయి. మైనస్ 1000 నుంచి 1000 వరకు ఏ అంకె అయినా రాసుకోవచ్చు: అంకె తగ్గితే చావు దూరం, పెరిగితే దగ్గర. దూరం నుంచి లాగిన్ కానిచ్చే ఎస్ఎస్‌హెచ్ సర్వరు తనకు తానే మైనస్ 1000 రాసుకుని చిరంజీవి అయింది. క్రోమియం బ్రౌజరు మాత్రం తన ట్యాబులకు 300 చొప్పున కలిపి, ముందు నా పిల్లల్నే బలి తీసుకోండని విన్నవించుకుంటుంది. అంతటి త్యాగం పురాణాల్లో కూడా అరుదు.

మా ఆఫీసు సర్వరులో జరిగింది చెబుతాను. రాత్రి రెండు గంటలకు ఒక చిన్న బ్యాకప్ స్క్రిప్టు లేచి, పేజీ తరవాత పేజీ అడుగుతూ పోయింది. అది అడిగిన చివరి పేజీకి చోటు లేకపోయింది. న్యాయస్థానం చుట్టూ చూసింది. ఓ మూలన ఐదు జీబీలతో డేటాబేస్ తన పని తాను చేసుకుంటోంది. వెంటనే దానికి తొమ్మిదో నంబరు సిగ్నల్, అంటే మరణాజ్ఞ, పంపారు. దాన్ని అడ్డుకునే వీల్లేదు, చివరి కోరిక చెప్పుకునే వ్యవధి కూడా ఉండదు. స్క్రిప్టుకు అడిగిన పేజీ దొరికింది, బ్యాకప్ తీయడానికి డేటాబేసే మిగల్లేదు.

పొద్దున్న లాగ్ తెరిస్తే పోస్టుమార్టం నివేదిక పద్ధతిగా ఉంది: హతుడి పేరు, నంబరు, మరణ సమయానికి బరువు కిలోబైట్లతో సహా. పేజీ అడిగిన స్క్రిప్టు పేరు కూడా మొదటి వరుసలోనే ఉంది, సాక్షిగా.

డేటాబేస్‌ను మళ్లీ లేపాను. లేస్తూనే ఐదు జీబీలు అడిగింది. కెర్నల్ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా పట్టా రాసిచ్చింది.