గ్యారేజీ ముగ్గు, కంప్యూటర్ తెర

సంక్రాంతి నాడు పొద్దున్నే ఫోను తెరిస్తే నలభై మంది పంపిన నలభై శుభాకాంక్షల్లోనూ ఒకటే బొమ్మ. పొంగుతున్న కుండ, రెండు చెరకు గడలు, గంగిరెద్దు, వెనక ఉదయిస్తున్న సూర్యుడు, కింద బంగారు రంగు అక్షరాలు. ఆ ఎద్దు ఎవరిదో, ఆ కుండ ఏ ఇంటిదో పంపినవారికీ తెలియదు, అందుకున్నవారికీ తెలియదు. మూడు క్షణాలు చూసి ఇంకొకరికి పంపేస్తాం. అదే రోజు మా నోవైలో వాకిలంతా మంచు, గ్యారేజీలో హీటరు పెట్టుకుని వేసిన ముగ్గు, సెలవు దొరకక సాయంత్రం ఏడింటికి తిన్న చక్కెర పొంగలి. మిషిగన్‌లో మనం చేసుకున్న పండుగ ఆ నలభై బొమ్మల్లో ఒక్కదానిలోనూ కనపడదు.

రెండేళ్లుగా శనివారాలు ఇక్కడి మన తెలుగు సంఘం పిల్లలకు ఫోటో ఎడిటింగ్ నేర్పుతున్నాను. మొదటి ఏడు పుస్తకాల పద్ధతిలో మొదలుపెట్టాను: ఇది సెలెక్షన్, ఇది క్రాప్, ఇది బ్రష్. మూడో వారానికి సగం మంది బల్ల కింద ఫోను చూసుకుంటున్నారు. తప్పు వాళ్లది కాదు. గరిటె ఇది, అట్లకాడ ఇది అని మూడు వారాలు చెబితే ఎవరికి వంట వస్తుంది? రెండో ఏడు పరికరాల పేర్లు చెప్పడం మానేసి ఒకే పని ఇచ్చాను. మీ ఇంటి సంక్రాంతిని ఒక వాల్‌పేపర్‌గా చేయండి, చేసి మీ కంప్యూటర్ మీద నెల రోజులు ఉంచండి అన్నాను.

నెల రోజులన్న షరతులోనే కిటుకంతా ఉంది. గ్రీటింగ్ అయితే ఎదుటివారు ఒక్కసారి చూసి, బాగుందని బొటనవేలు చూపించి మరిచిపోతారు. వాల్‌పేపర్‌ను చేసినవాళ్లే రోజుకు ఇరవై సార్లు చూడాలి. మొదటి రోజు అద్భుతంగా ఉన్నట్టే ఉంటుంది. మూడో రోజుకు కుండ అంచు చుట్టూ కత్తిరింపు మిగిల్చిన తెల్లటి గీత కనపడుతుంది. వారం తిరిగేసరికి ఆ గీత తప్ప మరేమీ కనపడదు. నేను ఎర్ర సిరాతో దిద్దనక్కర్లేదు.

మా తరగతిలో ఒక పన్నెండేళ్ల అబ్బాయి చేసిన వాల్‌పేపర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఆ సంక్రాంతికి వాళ్ల అమ్మమ్మ తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. కారు బయట పెట్టించి, గ్యారేజీ నేల తడిగుడ్డతో తుడిపించి, బియ్యప్పిండితో పదిహేను చుక్కల ముగ్గు వేశారు, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్క. నేల మీద కారు కార్చిన నూనె మరక ఒకటి ఎంత తుడిచినా పోలేదట. ఆవిడ ఆ మరక సరిగ్గా నడిమి పువ్వులో పడేటట్టు చుక్కలు పెట్టారు.

అబ్బాయి నిలబడిన చోటి నుంచే ఫోనుతో ఫోటో తీశాడు. దగ్గరి చుక్కలు ఎడంగా, దూరపు చుక్కలు ఇరుకుగా, ముగ్గంతా వెనక్కి వాలిపోయినట్టు వచ్చింది. దీన్ని సరిచేయడానికి పర్‌స్పెక్టివ్ అనే పరికరం ఉంది. బొమ్మ నాలుగు మూలలూ పట్టుకుని లాగాలి. ఎంత లాగాలి అన్నదే ప్రశ్న. చెట్టు ఫోటోకో మనిషి ఫోటోకో అయితే కంటికి బాగున్నంత వరకు అని చెప్పి తప్పుకోవాల్సి వచ్చేది. చుక్కల ముగ్గులో ఆ గొడవ లేదు. వరుసకూ వరుసకూ మధ్య దూరం అంతటా సమానమయ్యేదాకా లాగితే చాలు, సమానమైనట్టు కంటికే తెలుస్తుంది. ఆవిడ చేయి ఎక్కడా తప్పలేదని మాకు అప్పుడే తెలిసింది. ఈ పరికరాన్ని నేర్పడానికి చుక్కల ముగ్గును మించిన బొమ్మ నాకు ఇంతవరకు దొరకలేదు.

తర్వాత వెలుగు సంగతి. ఫోటోలో నేలా బూడిద రంగే, పిండీ బూడిద రంగే. లెవెల్స్ అనే చోట బొమ్మలోని చీకటి వెలుగుల లెక్క ఒక గుట్టలాగా కనపడుతుంది. ఆ గుట్ట మొదలయ్యే చోటికి ఎడమ మీటను, ముగిసే చోటికి కుడి మీటను జరిపితే నేల నల్లబడింది, పిండి తెల్లబడింది. నేల నల్లబడగానే ఇంకో విద్యకు దారి దొరికింది. లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు, పక్కనున్న కన్ను గుర్తు నొక్కితే ఆ పొర దాగిపోతుంది. పై లేయర్‌ను స్క్రీన్ అనే మోడ్‌లో పెడితే దానిలోని నలుపు మాయమై వెలుగు మాత్రమే కింది బొమ్మ మీద పడుతుంది, ఒకే గోడ మీద రెండు ప్రొజెక్టర్లు వేసినట్టు. గ్యారేజీ నేల పోయింది, తెల్లటి ముగ్గు గాలిలో తేలింది.

దాన్ని వాకిట్లో మంచు మీద వేయాలని వాడి కోరిక. మధ్యాహ్నం తీసిన మంచు ఫోటో మీద పెట్టగానే ముగ్గు కాస్తా అదృశ్యమైంది. తెలుపు మీద తెలుపు వేస్తే తెలుపే కదా. పక్కనున్న అమ్మాయి రంగులు తలకిందులు చేసి, తెలుపు మాయమై నలుపు మిగిలే మల్టిప్లై మోడ్‌లో పెట్టి చూపించింది. లెక్క ప్రకారం సరైన పరిష్కారమే. కానీ మంచు మీద నల్లటి ముగ్గు వచ్చింది. పిల్లలను తీసుకువెళ్లడానికి వచ్చిన ఒక తల్లి అది చూసి, "అదేమిటి, పండుగ పూట నల్ల ముగ్గు!" అన్నారు. అందరం నవ్వుకున్నాం గానీ ఆవిడ మాట నిజమే. లెక్క కుదిరినంత మాత్రాన బొమ్మ కుదరదు.

ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి, మర్నాడు పొద్దు గూకాక అదే మంచును మళ్లీ ఫోటో తీశాడు. జనవరిలో మా దగ్గర సాయంత్రం ఐదుంపావు దాటాక సూర్యుడు దిగిపోతాడు. ఆ తర్వాత కాసేపు వెలుగంతా ఆకాశం నుంచే వస్తుంది గనక మంచు నీలంగా ఉంటుంది. ఆ నీలం మీద తెల్లటి ముగ్గు పడేసరికి తరగతి గది ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. ఫోటో దిద్దడంలో సగం పని మళ్లీ వెళ్లి ఫోటో తీయడమే అని నేను వంద సార్లు చెప్పినా ఎక్కేది కాదు.

ముగ్గు పక్కన ప్రమిద కూడా పెట్టాడు. ఆ ప్రమిదను వంటింట్లో బల్బు కింద తీశాడు కాబట్టి దాని నీడ ఒక పక్కకు పడి ఉంది, మంచు మీద ఆ నీడకు కారణం లేదు. పైగా దీపం వెలుగుతున్నా చుట్టూ ఉన్న మంచుకు పసుపు ఛాయ అంటలేదు. నేను రెండూ చూసి ఊరుకున్నాను. ఐదో రోజున వాడే ఇమెయిల్ రాశాడు: "అంకుల్, నా దీపం అబద్ధంలా ఉంది." తర్వాతి శనివారం వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారని, నూనె దీపం వెలుగు రమారమి 2000 కెల్విన్ అని, మధ్యాహ్నపు ఎండ 5500 దరిదాపుల్లో ఉంటుందని, ఫోను ఈ రెంటినీ ఒకే తెలుపుగా మార్చాలని చూస్తుందని చెబితే పదకొండు మంది పిల్లలూ శ్రద్ధగా రాసుకున్నారు. మొదటి ఏడు ఇదే పాఠానికి ఆవులింతలు వచ్చాయి.

మనకు గర్వకారణమైన విషయం ఒకటి. ఫోటోషాప్ పుట్టింది మన పక్కనే. యాన్ ఆర్బర్‌లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్ 1987లో దానికి బీజం వేశాడు. తమ్ముడు జాన్ నోల్‌తో కలిసి పెంచిన ఆ ప్రోగ్రాం 1990 ఫిబ్రవరిలో మార్కెట్లోకి వచ్చింది. తొలి రోజుల్లో అది చేయగలిగినవి చూపించడానికి జాన్ వాడిన ఫోటో, తనకు కాబోయే భార్యను బోరా బోరా తీరంలో తీసినది. అంటే సొంత ఇంటి ఫోటో. లేయర్లు 1994లో, మూడో వెర్షన్‌తో గానీ రాలేదు. ఆ ప్రోగ్రాం తెరుచుకునేటప్పుడు వచ్చే పేర్లలో సీతారామన్ నారాయణన్ అనే పేరు చూసి మురిసిపోయిన తరం మాది. అయినా తరగతిలో నేను వాడేది గింప్. అది ఉచితం, 1996 నుంచి అందరికీ అందుబాటులో ఉంది, పన్నెండేళ్ల పిల్లల చేత నెలనెలా చందా కట్టించడం నాకు ఇష్టం లేదు.

ఇక అక్షరాలు. ఈ విషయంలో నా చేతులు ఒకసారి కాలాయి. చాలా ఏళ్ల కిందట సంఘం సంక్రాంతికి ఆరడుగుల బ్యానరు నేనే తయారుచేశాను. భారతీయ లిపులకు సంబంధించిన అమరిక ఆన్ చేయాలని నాకు తెలియదు. క కింద ఉండాల్సిన రావత్తు విడిపోయి పక్కన పూర్తి అక్షరంగా నిలబడింది. హడావిడిలో గమనించకుండా ముద్రకు పంపాను. వేదిక మీదికి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని ఉన్నదున్నట్టుగా "సంక్‌రాంతి" అని చదివి కూర్చున్నారు. ఇప్పటికీ ఆయన ఎదురుపడితే అలాగే పలకరిస్తారు.

ఇప్పుడు ఆ బాధ లేదు. గింప్‌లో యూనికోడ్ తెలుగు వత్తులతో సహా సరిగ్గానే కూడుతుంది. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ ద్వారా వచ్చిన తెలుగు ఖతులు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటి పేర్లే ఒక సాహిత్య సభ: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ, సురవరం. ధూర్జటి ఎవరో తెలుసా అని అడిగితే ఒక పాప, "తెలుసు, ఫాంటు" అంది. సరే, తలుపు దాకా వచ్చింది, లోపలికి తర్వాత పిలుద్దాం. అక్షరాల విషయంలో నా నియమం ఒక్కటే: బంగారు రంగు పూత, నీడ, మెరుపు మూడూ ఒకేసారి వేయకూడదు. పెళ్లి పత్రికల దుకాణాలకు వదిలేయాల్సిన విద్యలు కొన్ని ఉన్నాయి.

కొలతల సంగతి తొందరగా ముగిస్తాను. మామూలు తెరకు 1920 అడ్డం, 1080 నిలువు, అంటే 20,73,600 పిక్సెల్ చుక్కలు. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు అన్నది ముద్రణకు సంబంధించిన లెక్క, తెరకు దానితో పని లేదు. విండోస్‌లో గుర్తులు ఎడమ వైపు పేరుకుంటాయి, మ్యాక్‌లో కుడి వైపు. ఫోనులో గడియారం పైన కూర్చుంటుంది. కాబట్టి బొమ్మలో ఎక్కడ ఏమీ పెట్టకూడదో ముందే నిర్ణయించుకోవాలి. ఖాళీ వదలడం పిల్లలకంటే పెద్దవాళ్లకు కష్టం. లేయర్లతో ఉన్న అసలు ఫైలును దాచుకుని, జేపెగ్‌ను చివర్లో ఒక్కసారే తీయాలి. దాన్నే మళ్లీ మళ్లీ తెరిచి దిద్ది భద్రపరిస్తే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది.

కొందరు తల్లిదండ్రులు అడిగారు: ఒక్క వాక్యం రాస్తే ఏఐ బొమ్మ గీసి ఇస్తుంటే వారాల తరబడి ఈ తంటా ఎందుకు? నేను దానికి విరోధిని కాను, ఆఫీసులో వాడుతూనే ఉంటాను. ఒకసారి గొబ్బెమ్మలు గీయమని అడిగితే పచ్చటి లడ్డూల మీద బంతిపూలు గుచ్చి ఇచ్చింది. రేపు సరిగ్గానే గీస్తుందేమో. అయినా అది గీసేది ఎవరిదో గొబ్బెమ్మ. ఆ పిల్లవాడి గ్యారేజీలో ఆ రోజు ఏముందో దానికి చెప్పాలన్నా ముందు వాడు గమనించి ఉండాలి. నా తరగతిలో నేను నిజంగా నేర్పాలనుకున్నది ఆ గమనింపే, గింప్ దానికి ఒక సాకు.

అందుకే తరగతికి ఒక కట్టడి పెట్టాను. వాల్‌పేపర్‌లో ఉండే ప్రతి ముక్కా మీ ఇంట్లో, మీ కెమెరాతో తీసినదే కావాలి. ఇంటర్నెట్‌లో దొరికిన చెరకు గడ వద్దు. అది ఇంకొకరి శ్రమ అన్న మాట అలా ఉంచితే, దాని వెలుగు మీ ఫోటో వెలుగుతో కలవదు. విండోస్ ఎక్స్‌పీలో వచ్చిన పచ్చటి కొండ గుర్తుందా? 1996 జనవరిలో చార్లెస్ ఓరియర్ అనే ఫోటోగ్రాఫర్ కాలిఫోర్నియాలోని సొనోమా దగ్గర కారులో వెళ్తూ దారి పక్కన ఆగి తీసిన ఫోటో అది. దాన్ని తాను దిద్దలేదనే ఆయన చెబుతూ వచ్చారు. కోట్లాది తెరల మీదికి ఎక్కిన వాల్‌పేపర్ ఒక మనిషి వెళ్లే దారిలోదే.

కార్యవర్గానికి నా మనవి ఇది. ఏటా మన సంక్రాంతి సంచిక ముఖచిత్రానికి కొనుక్కొచ్చే గంగిరెద్దును ఈసారి పంపించేద్దాం. పిల్లలు చేసిన వాల్‌పేపర్లలో ఒకటి వేద్దాం. వంకరగా ఉన్నా పరవాలేదు. రంగవల్లుల పోటీకి ఇచ్చే బహుమతిలో సగం, ఆ ముగ్గును ఫోటో తీసి దిద్దినవారికి ఇద్దాం. తరగతికి వచ్చే పిల్లలకు తలా ఒక మౌసు కొనిపెట్టండి. ల్యాప్‌టాప్ పలక మీద వేలితో రుద్దుతూ కుండ అంచు కత్తిరించడం శిక్ష.

ఆ నూనె మరక సంగతి మిగిలిపోయింది. అబ్బాయి దాన్ని మొదటి వారంలోనే చెరిపేశాడు. హీలింగ్ పరికరం నేర్పిన రోజు అందరికీ మరకలు చెరపాలనే ఉబలాటం. ఏది చెరిపినా అసలు ఫోటో మీద కాకుండా పైన ఒక కొత్త లేయర్ వేసి, దాని మీద చెరపండి అని మాత్రం గట్టిగా చెప్పాను. ఫిబ్రవరిలో అమ్మమ్మ తెనాలికి వెళ్లిపోయారు. ఒక ఆదివారం వీడియో కాల్‌లో వాడు తన వాల్‌పేపర్ చూపించాడట. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారట. నీలం మంచు గురించి గానీ, దీపం గురించి గానీ ఏమీ అనలేదు. "ముగ్గు నాదేనా? మరి నడిమి పువ్వులో మరక ఏదిరా?" అన్నారు.

వాడు ఫైలు తెరిచి, ఆ లేయర్ పక్కనున్న కన్ను గుర్తును నొక్కాడు.